చీలమండ ఎత్తు మంట

అక్టోబర్ 29, సాయంత్రం 5

నలభై ట్రాపులూ దులిపి వచ్చాం. ట్రాప్ అంటే ఏముంది, నాలుగు కర్రలకు కట్టిన వల. పదిహేను రోజులకోసారి అందులో రాలినదంతా మూటగట్టుకొస్తాం. ఆకు, పుల్ల, కాయ, నలుసు వేరుచేసి, ఓవెన్లో ఎండబెట్టి, తూకాలు బెలెమ్ నగరంలో ఉండే డాక్టర్ వివియానికి పంపుతాం. అడవి ఎంత కార్బన్ నేలకు దించుతుందో, అందులో ఎంత మురిగి మళ్లీ గాలిలో కలుస్తుందో ఆవిడ లెక్క కడుతుంది. పదకొండేళ్లుగా ఇదే పని. మోకాళ్లు అరిగాయి. అడవి చెత్తకు గుమాస్తాలం మనం అంటాడు నాతో పనిచేసే ఒలావు. నవ్వే ఓపిక లేదు.

ఈ ఏడు వాన లేదు. తపజోస్ నది ఒడ్డు వదిలి ఎక్కడికో పోయింది. ఆకు రాలింది రాలినట్టే ఉంది, మురగడం లేదు. స్కేలు పెడితే పన్నెండు సెంటీమీటర్లు. మామూలుగా ఐదు దాటదు. ఆగస్టు నుంచీ ఈ అంకె పంపుతూనే ఉన్నాను.

నవంబర్ 4

తమ్ముడు డెల్సిమార్ వచ్చాడు. పోడు కొట్టి రెండు నెలలైంది, కాల్చాలట. ఈలోపు వానలు దిగితే కొట్టిందంతా తడిసిపోతుంది, వచ్చే ఏడు కర్రపెండలం ఉండదు, ఇంట్లో పిండి ఉండదు. ఆగరా, అడవి నిండా ఎండుటాకే అన్నాను. ఆకులు నీకు జీతమిస్తాయి కాబట్టి వాటంటే నీకు భయమూ భక్తీ అక్కా, నాకేంటి అన్నాడు. నాన్న ఏటా కాల్చలేదా, అడవి అంచుకెళ్లి మంట దానంతటదే చచ్చేది కాదా అన్నాడు. నిజమే. అప్పుడు లోపల తడి ఉండేది. ఈ మాట వాడితో అన్నాను. గట్టిగా అనలేదు.

నవంబర్ 10

చిన్న జల్లు. దుమ్ము కూడా అణగలేదు. డెల్సిమార్ ఫోన్ చేశాడు, జల్లు పడిందిగా, ఇక కాల్చనా అక్కా అని. పొద్దుట్నుంచీ ఆకులు ఏరి ఏరి కళ్లు మండుతున్నాయి. నీ ఇష్టం అన్నాను.

నవంబర్ 12

కాల్చాడు.

నవంబర్ 14, ఉదయం 10

మంట అడవిలోకి దిగింది. చూస్తే భయం కూడా వేయదు. చీలమండ ఎత్తు. ఆకు మీంచి ఆకు మీదకు పాకే పిల్లలా వస్తోంది. కానీ ఆగదు. పెద్ద చెట్ల మొదట్లో ఆకు గుట్టగా ఉంటుంది, అక్కడ కూర్చుని తీరిగ్గా కాలుతుంది. ఈ చెట్లు మంట ఎరగనివి, బెరడు పలచన. ఇప్పటికి పచ్చగానే నిలబడి ఉన్నాయి.

వివియాని ఫోన్లో, మేం కొలతలు తీసే చోట్లలో ప్లాట్ మూడు మాత్రం ముట్టుకోవద్దంది. పదకొండేళ్లుగా అక్కడ నేల మీది ఆకు ఎవరూ కదపలేదు. నేనైనా అక్కడ పరిచిన చెక్క పలకల మీదే నడుస్తాను.

నవంబర్ 15

మంటనాపే దారి ఒకటే. మట్టి కనపడేదాకా ఆకు గీకేసి, వాగు నుంచి రోడ్డు దాకా గజం వెడల్పు బాట తీయాలి. ఆ బాట ప్లాట్ మూడు నడుమ నుంచి పోతుంది. చుట్టూ తిప్పే వ్యవధి లేదు. వివియానికి లైను కలవలేదు.

డెల్సిమార్ తన బావమరుదులిద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. నా మొహం చూడలేదు. ప్లాటు అంచున ఆగిపోయాడు. ఇక్కడా, నీ పని నువ్వే పాడుచేసుకుంటావా అన్నాడు. పక్కకు జరగరా అని మొదటి గీకు నేనే గీకాను. అడుగున తెల్లని బూజు, సన్న వేళ్లు ఆకుల్ని కుట్టేసినట్టు పట్టుకుని ఉన్నాయి. పచ్చిపుండు మీద పక్కు లాగినట్టు ఊడొచ్చింది. ఒలావు కళ్లు తుడుచుకుంటూ పొగ అన్నాడు.

నవంబర్ 17

బాట దగ్గర ఆగింది. అవతలి సగం ప్లాటు బూడిద.

నవంబర్ 20

ప్లాటు కాలిందని పంపాల్సిన ఫారంలో 'నష్టానికి కారణం' అని ఒక గడి. డెల్సిమార్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రాయక్కా నా పేరు, తప్పుల్లేకుండా రాయి, బడిలో టీచరమ్మ ఎప్పుడూ తప్పే రాసేది అన్నాడు. వాడి పేరు రాస్తే పోడు హక్కు పోవచ్చు. రాశాను. కింద నా పేరూ రాశాను: ఆకు మందం తెలిసుండి, నీ ఇష్టం అన్నది ఇరసిల్డా.

వివియానికి ఫోన్లో చదివి వినిపించాను. ఆ పన్నెండు సెంటీమీటర్లు నా బల్ల మీద మూడు నెలలుగా ఉన్నాయి ఇరసిల్డా, ఊళ్లోవాళ్లకు చెప్పమని నీతో ఒక్క మాట అనలేదు నేను, నా పేరు కూడా రాయి అంది. గడిలో చోటు లేదు. మార్జిన్లో రాశాను.

నవంబర్ 30

ఊరి సంఘం తీర్పు చెప్పింది. డెల్సిమార్ రెండేళ్లు పోడు కొట్టకూడదు. వాడింటికి పిండి మా ఇంటి నుంచే పోవాలి. ఆకు ఎంత ఎండిందో ఇకమీదట నెలనెలా సంఘంలో నేను చెప్పాలట. నాకిదొక పైపని.

డిసెంబర్ 18

వానలు పడ్డాయి. మంట తాకిన చెట్లు ఇప్పుడు రాలుస్తున్నాయి, పచ్చి ఆకులు కూడా. ట్రాపులు పొంగిపోతున్నాయి. డెల్సిమార్ మూటలు మోయడానికి వచ్చాడు. తూకం ముందు కూర్చుని, నా వల్ల మొత్తం ఎంత పోయింది అక్కా అన్నాడు.

ఇంకా రాలుతూనే ఉందిరా అన్నాను.