గుడ్డ కింది ముఖం

కరీంనగర్,
ఆదివారం.

అవ్వకు,

నీ చిన్న బిడ్డ నవత దండం పెట్టి రాస్తున్నది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. భీవండిలో నువ్వు, బాలలక్ష్మి అక్క, బావ, పిల్లలు అందరూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. "ఫోన్లయితే గొంతు దాస్తవ్, కాయిదం మీద రాయి" అని కోప్పడ్డావు కదా, అందుకే రాస్తున్నాను. అన్నం వేళకే తింటున్నాను. స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసీ చేసీ కళ్లు మండుతున్నాయి. ఇన్ని తలంబ్రాలు చూశాక నా పెళ్లిలో నాకు కొత్తగా చూసేదేమీ ఉండదు. సిరిసిల్లలో మన ఇంటి రేకులు గాలికి లేవలేదు, గాలి రాకముందే హనుమంతు కాక రాళ్లు పెట్టించాడు. అక్క నీ మోకాళ్లకు నూనె రాస్తున్నదా? రాయకపోతే చెప్పు, దాని సంగతి నేను చూస్తాను.

ఇక నీ మూడో ప్రశ్న. "సినిమాల మీ బాపు ముఖం నువ్వు చెప్పినట్టే నవ్వుకుంట పెట్టినవా?" అని అడిగావు. దానికి జవాబు రాయాలంటే నిన్నటి సంగతి చెప్పాలి.

నిన్న బాపు మీద తీస్తున్న మా షార్ట్ ఫిల్మ్ షూటింగ్‌కు ఆఖరి రోజు. కెమెరా స్టూడియోది, కెమెరామన్ నాతో పనిచేసే సాదిక్. సిరిసిల్లలో బాపు ఇరవై ఏళ్లు సాంచాల మీద బట్ట నేసిన షెడ్డులోనే ఒక మూల తెల్ల పరదాలు కట్టి ఆస్పత్రి చేశాం. చప్పుడు రికార్డు కాకూడదని షెడ్డు ఆసామి సాంచాలన్నీ ఆపించాడు. ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను లాక్‌డౌన్‌లో తప్ప ఎప్పుడూ చూడలేదు.

మిగిలింది ఒక్కటే సీను. చనిపోయిన తండ్రి మీది గుడ్డ తీసి కూతురు ముఖం చూస్తుంది. తండ్రి వేషం బాపు పక్క సాంచాల మీద పనిచేసిన హనుమంతు కాకది. ఇంకెవరూ దొరక్క కూతురి వేషం నేనే వేశాను. నువ్వు పంపిన బాపు గళ్ల చొక్కా తొడుక్కొని కాక వెనక్కి తిరిగి నిలబడితే, నేను కాసేపు అటు చూడలేకపోయాను.

బల్ల మీద పడుకొని కాక అడిగాడు. "ముఖం ఎట్ల వెట్టాలె బిడ్డా? మీ బాపుకు నోరు తెరిచి ఉండెనా, మూసి ఉండెనా?"

"నవ్వుతున్నట్టు" అని కాగితం మీద నేనే రాసుకున్నాను. నోటికి మాత్రం రాలేదు.

"నాకు తెల్వది కాకా."

"నువ్వు సూసినవ్ గద?"

"సూడలే."

అవ్వా, కోపం తర్వాత తెచ్చుకో, ముందు చదువు.

ఆ కరోనా మే నెలలో నువ్వు అక్క కాన్పుకు భీవండి పోయి అక్కడే చిక్కుకున్నావు. ఆస్పత్రి గేటు దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఒంటినిండా ప్లాస్టిక్ బట్టలేసుకున్న మనిషి, జిప్పు వేసిన సంచి ఉన్న బండి ఆపి, "అంబదాస్ మీ నాయినేనా? ముఖం సూస్తవా బిడ్డా? మల్ల దొరకది" అన్నాడు. నేను వెనక్కి జరిగాను. అతను ఇంకోసారి కూడా అడిగాడు. తల అడ్డంగా ఊపాను. రోగానికి కాదు, బాపును అట్లా చూడటానికే భయపడ్డాను. బండి వెళ్లిపోయింది.

సాయంత్రం నువ్వు ఫోన్లో ఏడుస్తూ, "ముఖం ఎట్లుండె బిడ్డా?" అని అడిగావు. "నవ్వుతుండె అవ్వా, పండుకున్నట్టే ఉండె" అన్నాను. నీ ఏడుపు ఆగింది. అందుకే నువ్వు అడిగినప్పుడల్లా అదే చెప్పాను.

ఒక్క అబద్ధమే అయితే ఎట్లాగో మోసేదాన్ని. కానీ చూడలేదు కాబట్టి, ఆ సంచిలో ఉన్నది బాపేనో కాదో నాకు తెలియదు. ధర్మపురిలో గోదావరిలో కలిపిన బూడిద ఎవరిదో తెలియదు. నాలుగేళ్లుగా ఇక్కడి బస్టాండులో గళ్ల చొక్కా వేసుకున్న మనిషి వెనుక నుంచి కనిపిస్తే చాలు, గబగబా ముందుకు నడిచి ముఖం చూసి వస్తున్నాను. ఈ ఫికర్ పోతుందనే సినిమా మొదలుపెట్టాను. అందులో కూడా అబద్ధమే రాసుకున్నాను.

నిన్న ఆ సీను మార్చేశాను. సినిమాలో కూతురు గుడ్డ తీయదు. తల అడ్డంగా ఊపి వెనక్కి జరుగుతుంది. ఒక్క టేకులో అయిపోయింది, నేను నటించాల్సిన పని లేకపోయింది.

అంతా సర్దబోతుంటే సాదిక్ ఆపాడు. "జర ఆగుండ్రి. చచ్చినట్టు పండుకున్నోళ్లు కెమెరా ముంగట నవ్వి లేవాలె. హైదరాబాద్ల షూటింగులల్ల గిట్లనే చేస్తరు, అపశకునం పోతది. కాక నవ్వినంకనే గుమ్మడికాయ కొడుదాం."

గుడ్డ కింద కాక కదల్లేదు. పిలిచాను, పలకలేదు. "నువ్వే తియ్యి అక్కా" అన్నాడు సాదిక్. గుడ్డ కొస పట్టుకొని ఒకసారి వదిలేశాను. అయినా తీశాను.

కాక చెంపలు తడిసి ఉన్నాయి. నవ్వాలని చూశాడు, పెదవులు కదిలి ఆగిపోయాయి.

"నవ్వస్తలేదు బిడ్డా. గీ గుడ్డ కింద మీ బాపు నీ కోసం ఎంత సేపు సూసిండో అనిపిచ్చింది."

గుమ్మడికాయ కొట్టలేదు. ఇప్పుడది నా గదిలో, ఈ ఉత్తరం రాస్తున్న బల్ల మీదే ఉంది. కాక నవ్వేదాకా షూటింగ్ అయిపోనట్టేనని సాదిక్ అంటున్నాడు. నవ్వమని కాకను అడిగే ధైర్యం నాకు లేదు.

నీ ప్రశ్నకు జవాబు ఇదే అవ్వా. బాపును నవ్వుతున్నట్టు పెట్టలేదు, ముఖమే పెట్టలేదు. ఇన్నేళ్లు నీ కళ్ల ముందున్న ఆ నవ్వు నేను ఇచ్చిందే. ఇప్పుడు నేనే తీసేసుకుంటున్నాను. దాని బదులు నీకివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ ఫోన్లో వద్దు, కాగితం మీద రాయి.

ఇట్లు,
బాపు ముఖం చూడని నీ చిన్న బిడ్డ,
నవత