మోటారు పడవ ఎందుకు కొన్నామన్న దానికి ఒక దిద్దుబాటు

రేవు కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆటుపోట్ల రిజిస్టరు రాసి రిటైరైన హెడ్‌క్లర్కును, నాలుగేళ్ళ క్రితం గతించిన గడియారాల మెకానిక్కు భార్యను అయిన నేను, డెబ్బై ఎనిమిదో ఏట, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా సొంత చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి సవ్యంగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. వందలోంచి ఏడేడు తీసేసుకుంటూ రమ్మన్నాడు. రెండు మిగిలేదాకా వచ్చాను. నడుమ ఒకచోట ఆయనే తప్పాడు, సరిచేశాను.

ఇంతకుముందు రాసిన రెండు వీలునామాలూ దీంతో రద్దు. ఆ రెండింట్లోనూ ఒక విషయం దాచాను.

1. దీన్ని అమలు చేసే బాధ్యత మా అమ్మాయిది. అబ్బాయి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. వాడు కాగితం చదవకముందే అభిప్రాయం చెప్పే రకం. కింద అయిదో క్లాజును అమ్మాయి అందరినీ కూర్చోబెట్టి, పిచ్చుక ఎదుట, బిగ్గరగా చదవాలి. పిచ్చుక అంటే అబ్బాయి కూతురు, నా మనవరాలు. ఇది వకీలు గారి కోసం రాస్తున్నాను.

2. మేడమీద రెండు గదులూ, కింద గడియారాల కొట్టూ, జత పట్టికలో ఉన్న బ్యాంకు సొమ్మూ అమ్మాయికీ అబ్బాయికీ చెరిసగం. మెట్ల మలుపులో కిటికీ రెక్క వానకు ఉబ్బుతుంది. దాన్ని తన్నకూడదు. కాస్త పైకెత్తి లాగితే వస్తుంది. కొట్టులో మీ నాన్నగారి బల్ల, కంటికి పెట్టుకునే భూతద్దం అబ్బాయికి ప్రత్యేకంగా ఇస్తున్నాను. బల్ల కుడివైపు రెండో సొరుగు గురించి తర్వాత చెబుతాను.

3. కోడలికి నా పసుపుపచ్చ వానకోటు, మూత సొట్టపోయిన ఫ్లాస్కు. మొదటిసారి మా పడవ ఎక్కిన రోజున ఆమె వాంతి చేసుకుందని ఇరవై ఏళ్ళు దెప్పాను. పడవ ప్రయాణాలన్నీ రాసే లాగ్‌బుక్కులో టైముతో సహా రాశాను. ఆమె ఏనాడూ ఎదురు చెప్పలేదు. “అత్తయ్యా, ఆ పేజీ ఒక్కటీ చింపేద్దురూ, మీకు పుణ్యముంటుంది” అని మాత్రం అడిగింది. రికార్డు చింపడం నా చేత కాదు. కానీ అదే పేజీ అడుగున, ఆ రోజు అలలు అయిదడుగులున్నాయనీ, నాకూ కడుపులో తిప్పిందనీ, బయటపడలేదంతేననీ రాసి కిందటి నెల సంతకం చేశాను.

4. రేవులో మా పక్కన పడవ కట్టే బట్టల షాపు ఆయనకు నేనేమీ ఇవ్వడం లేదు. మరిచిపోయాననుకుంటారేమో, గుర్తుండే ఇవ్వడం లేదు. “ఇంకా ఆ గుడ్డముక్క పట్టుకుని వేలాడుతున్నారా మాస్టారూ? తాళంచెవి తిప్పితే పోయేదానికి!” అని మా తెరచాప చూపించి ప్రతి ఆదివారం మావారిని ఎగతాళి చేసిన మనిషి.

5. ఇక దాచిన విషయం.

మేము మోటారు క్రూజర్ ఎందుకు కొన్నామని అడిగితే ఇంట్లో అందరూ ఒకటే చెబుతారు. మీ నాన్నగారికి చెవి మందగించింది, గాలిలో నా మాట వినబడలేదు, తెరచాప వాసం తగిలి భుజం విరిగింది, అందుకని ఇరవై ఆరేళ్ళు నడిపిన తెరచాప పడవ అమ్మేసి మోటారు పడవ తీసుకున్నాం. ఈ కథ నేను రాసిన లాగ్‌బుక్కు నుంచి పుట్టింది. ఇది తప్పు.

తెలియనివాళ్ళ కోసం కాస్త వివరం. గాలికి ఎదురు పోవాలంటే తెరచాప పడవను ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి మలుపుతూ వెళ్ళాలి. మలిపిన ప్రతిసారీ తెరచాప అడుగున ఉండే బరువైన వాసం మనిషి తల ఎత్తున ఈ పక్కనుంచి ఆ పక్కకి ఊడ్చుకుంటూ పోతుంది. చుక్కాని నా చేతిలో ఉండేది, తాళ్ళు ఆయన చేతిలో. అందుకని మొదటి లాగ్‌బుక్కు మొదటి పేజీలో మొదటి నిబంధన నేనే రాశాను: “సిద్ధమా అని అడగాలి. సిద్ధం అని జవాబు వినాలి. వినకుండా చుక్కాని కదపరాదు.” ఇరవై ఆరేళ్ళలో ఈ మాట ఎన్ని వేలసార్లు అనుకున్నామో. ఆయన ఊరికే సిద్ధం అనే మనిషి కాదు. “సిద్ధమే హెడ్‌క్లర్కు గారూ, పెళ్ళినాటినుంచీ సిద్ధమే” అనేవారు. జవాబు క్లుప్తంగా ఉండాలని నేను కసిరేదాన్ని.

2015 అక్టోబరు 18, ఆదివారం. పొద్దున్నే రేవు నుంచి బయల్దేరే ముందు పద్నాలుగో లాగ్‌బుక్కు తెరిచాను. గాలి వివరాలు రాసే గడిలో పెన్సిలుతో ఆయన అక్షరాలున్నాయి: “కెప్టెన్ గారి ముక్కు మీద ఈశాన్యపు కోపం. మధ్యాహ్నానికి తగ్గే సూచనలు.” రికార్డులో పరాచికాలా అని నాకు ఒళ్ళు మండింది. “ఇది మీ కొట్టు గోడ అనుకున్నారా?” అన్నాను. “గోడ మీద రాస్తే నువ్వు చదవవుగా” అన్నారు. అంతే. ఆ క్షణంనుంచి మాట్లాడటం మానేశాను. నేను మాట మానేస్తే పూర్తిగా మానేస్తానని మీకందరికీ అనుభవమే.

మూడు గంటలు మాటలేకుండా వెళ్ళాం. పదకొండూ నలభైకి మలుపు తీసుకోవలసిన చోటు వచ్చింది. ఆయన ముందుభాగంలో వంగి తాడు చిక్కు తీస్తున్నారు. ఆ ఒక్క మాట అడిగితే పంతం నేను విడిచినట్టవుతుంది. ఆయన వెంటనే నవ్వుతారు. ఆ నవ్వు చూడటం ఇష్టం లేక నేను అడగలేదు. చుక్కాని తిప్పాను.

వాసం ఆయన భుజాన్ని కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో కూర్చుని రబ్బరుతో ఆయన పెన్సిలు వాక్యం చెరిపేసి, దాని మీదే సిరాతో రాశాను: “రెండుసార్లు అడిగాను. ఆయనకు వినబడలేదు. గాలి తోస్తూండగా తిప్పక తప్పలేదు.” ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో అంగుళం తేడా రాయని చేయి ఇది. నన్ను ఎవరూ అనుమానించలేదు. వార్డులో అబ్బాయి అది చదివి, “అమ్మ రాసిందంటే అంతే మరి. నాన్నకి చెవులు పోయాయి” అన్నాడు. పక్కన మంచం మీద ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్ర అనుకున్నాను.

తర్వాత కాగితం తీసి గీత గీశాను. ఎడమవైపు తెరచాప పడవ, కుడివైపు మోటారు క్రూజర్. క్రూజర్ కింద పదిహేడు అనుకూలాలు వచ్చాయి: తాళ్ళు లాగక్కర్లేదు, పైకప్పుంది, వేళకి ఇల్లు చేరతాం, ఎవరూ ఎవరినీ ఏదీ అడగక్కర్లేదు. తెరచాప కింద నాలుగు. ఆయన భూతద్దం పెట్టుకుని ఆ పట్టిక చదివి, “ఇందులో నీకేది కావాలో రాయలేదే” అన్నారు. “మీ చెవి కోసమే ఇదంతా” అన్నాను. ఆయన భూతద్దం తీసి నావైపు చూసి, “ఆఁ? ఏమన్నావ్?” అని చెవి వెనక చెయ్యి పెట్టారు. నేను గట్టిగా మళ్ళీ చెప్పాను. “సరే అయితే. కొందాం” అన్నారు.

క్రూజర్లు అమ్మేచోట ఆయన సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పి, “బాగుంది. లిఫ్టు ఎక్కినట్టుంది” అన్నారు. అమ్మేవాడు అది మెచ్చుకోలనుకున్నాడు.

అయిదేళ్ళు ఆ క్రూజర్లో తిరిగాం. తెరచాప పడవకి పద్నాలుగు లాగ్‌బుక్కులు. క్రూజర్‌కి ఒకటిన్నర, అదీ చాలావరకు డీజిలు లెక్క. చప్పుడులో మాటలు వినబడవు కనుక పక్కపక్కనే కూర్చుని ఎదురుగా చూసేవాళ్ళం. గట్టు చేరాక కూడా అదే అలవాటైంది. ఆ అయిదేళ్ళూ మీరు ఏమడిగినా ఆయన “ఆఁ?” అని చెవి వెనక చెయ్యి పెట్టేవారు. మీరు అరిచేవారు. ఆయన పోయాక బల్ల కుడివైపు రెండో సొరుగులో చెవి డాక్టరు చీటీ దొరికింది. తేదీ 2015 అక్టోబరు 29. “రెండు చెవులూ సవ్యం.” అంటే క్రూజర్ కొనకముందే.

నేను గమనించలేదనను. కొట్టులో ఆయన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, “ఇది కాస్త నత్తిగా నడుస్తోందండీ” అని చెబుతూంటే మెట్ల మీదనుంచి ఎన్నోసార్లు విన్నాను. నా రికార్డులో మాత్రం ఆ గడి ఖాళీగానే వదిలేశాను. నేను రాసిన అబద్ధం అబద్ధం కాకుండా ఉండటానికి ఆయన అయిదేళ్ళు చెవిటివాడుగా బతికారు. నేను బతకనిచ్చాను. దీనికి పరిహారంగా ఎవరికి ఏమి రాయాలో నాకు తెలియదు.

6. పై కారణం చేత, మోటారు క్రూజర్ నా వారసులెవ్వరికీ చెందదు. రేవు పక్క షెడ్డులో పడవలు బాగుచేసే వడ్రంగికి అది దఖలు పడుతుంది. బదులుగా అతను మా పాత తెరచాప పడవ తిరిగి ఇస్తాడు. పదేళ్ళ క్రితం కొన్నాడే గాని ఒక్కరోజూ నీళ్ళలో దించలేదు. మార్పిడి గురించి అడగడానికి వెళితే టార్పాలిన్ ఎత్తి చూపించాడు. వార్నిషు కొత్తగా ఉంది. “మాస్టారు నెలకోసారి వచ్చి కూచునేవారమ్మగారూ. మీకు చెప్పొద్దన్నారు” అన్నాడు. ఆ నెలకోసారి ఆయన గడియారం సామాన్లకు వెళ్ళారని నా డైరీలో ఉంది.

7. తెరచాప పడవ పిచ్చుకకు సర్వహక్కులతో చెందుతుంది. పిల్ల వయసు పంతొమ్మిది. తెరచాప నేర్చుకుంటానంటే అబ్బాయి ఒప్పుకోలేదు. “తాతయ్యకి ఏమైందో చూశావుగా. గాలిలో ఎవరి మాట ఎవరికి వినబడుతుంది?” అన్నాడు. తండ్రీ కూతుళ్ళు నాలుగు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. భోజనం బల్ల దగ్గర కోడలి ద్వారా ఉప్పు అడిగించుకుంటున్నారు. ఆ గుణం పిల్లకి నా దగ్గర్నుంచే వచ్చింది. అబ్బాయీ, నీ కారణం నా అబద్ధం మీద నిలబడింది. ఇప్పుడది లేదు.

ఒక షరతు. పడవ నీళ్ళలో దిగాక మొదటి పది ప్రయాణాలు ఇద్దరూ కలిసి చెయ్యాలి. చుక్కాని పిచ్చుక చేతిలో, తాళ్ళు తండ్రి చేతిలో. కోపంగా ఉంటే ఉండండి. మాట్లాడుకోకపోయినా ఆ ఒక్క మాట మాత్రం అడగాలి, జవాబు వినాలి. ఆ మాట అడిగినంత మాత్రాన ఎవరి పంతమూ ఓడిపోయినట్టు కాదని ఇందుమూలంగా తీర్మానిస్తున్నాను. జవాబు క్లుప్తంగా ఉండాలన్న నా పాత నిబంధన రద్దు.

8. లాగ్‌బుక్కులన్నీ పిచ్చుకవి. పద్నాలుగోదానిలో ఆ రోజు పేజీని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడమ్మా. నా సిరా కింద తాతయ్య పెన్సిలు నొక్కు ఇంకా ఉంది, చదవొచ్చు. దాని పక్కన మార్జినులో నేను ఎర్రసిరాతో రాశాను: “అడగలేదు.” తేదీ వేసి సంతకం చేశాను.

ఇది రాయడం అయిపోయాక సాక్షులిద్దరి ఎదుట మొదటినుంచీ చదివి వినిపించాను. సంతకానికి కలం తీసుకుని, ఆయన కుర్చీ వైపు తిరిగి, “సిద్ధమా?” అని పైకే అడిగాను. మొదటి సాక్షి అయిన వడ్రంగి రేవులో ఉన్న అలవాటు కొద్దీ “సిద్ధం” అనేశాడు. అడిగింది అతన్ని కాదు కనుక ఆ జవాబు లెక్కలోకి రాదు. మరికాసేపు ఆగి చూసి, చుక్కాని కదపకుండా ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగి, ఆ తర్వాతే సంతకం చేశాను.

2025 నవంబరు 11, మంగళవారం. ఉదయం పదిన్నర. గాలి ఈశాన్యం, తగ్గుముఖం.

(సంతకం)
పిచ్చుక నానమ్మ, రిటైర్డ్ హెడ్‌క్లర్కు

సాక్షులు:
1. పడవల వడ్రంగి (సంతకం)
2. రెండు చెవులూ సవ్యమని చీటీ రాసిన చెవి డాక్టరు (సంతకం)