ఆకలి వరుసకు అన్నం పెట్టిందెవరు?

మాణికేశ్వర్ నగర్,
14 నవంబర్ 2025, శుక్రవారం.

గౌరవనీయులైన సాకేత్ సార్‌కు,

మీ గ్రీన్‌హౌస్‌లో కుండీలకు నీళ్లు పోసే ప్రవళిక నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమంగా లేను. మీరు క్షేమంగానే ఉన్నారని తార్నాక చౌరస్తాలో మిర్చి బజ్జీలు తింటూ కనబడ్డప్పుడే తెలిసింది. నా నంబర్ బ్లాక్ చేశారు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. కాగితాన్ని బ్లాక్ చెయ్యలేరు.

మర్యాద అయిపోయింది. ఇక విషయానికి వస్తాను.

మీ గైడ్ వనజ మేడమ్‌కు మీరు ఏమని రాసిచ్చారు? "హెల్పర్ జాలిపడి ఆకలి వరుస మొక్కలకు ఎరువు వేసినట్లు అనుమానం" అని. సోమవారం మేడమ్ ఆ కాగితాన్ని కాంట్రాక్టర్‌కు పంపితే నా పని పోతుంది. ఇంటర్ ఫెయిలైన నాకు ఆ గ్రీన్‌హౌసే కాలేజీ. అది పోతే నాకు ఇంకొకటి లేదు. కానీ అంతకంటే ఎక్కువ మండింది ఆ "జాలి" అన్న మాటకు. నాకా, జాలా? మా బస్తీలో నల్లా దగ్గర నా బిందె పక్కకు జరిపినవాళ్లను అడగండి. నాకు జాలి ఉందో లేదో చెప్తారు.

పైగా పరీక్ష ఏమిటో హెల్పర్‌కు తెలియదని కూడా రాశారు. ఎనిమిది వారాలుగా మీరు చెత్తబుట్టలో పడేసిన కాగితాలన్నీ ఏరుకుని చదివాను. అర్థంకాని ప్రతి మాటకూ ఫోన్‌లో వీడియో చూశాను. తెలుసో లేదో మీరే వినండి.

ఇసుకలో ఇరవై నాలుగు కుండీల వరి. పన్నెండింటికి అన్నీ పెడతాం, అది నిండు వరుస. మిగతా పన్నెండింటికి నత్రజని దండిగా, భాస్వరం సున్నా. అది ఆకలి వరుస. భాస్వరం దొరికినన్నాళ్లు మొక్కలో ఒక కాపలా ప్రోటీన్, జన్యువుల తాళాలు తీసే ఇంకో ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. భాస్వరం అందకపోతే ఆ పట్టు సడలుతుంది. తాళాలవాడు లేచిపోయి ఆకలి జన్యువులను ఒక్కొక్కటిగా తెరుస్తాడు. అప్పుడు వేర్లు సాగుతాయి, మట్టిలో ఇరుక్కున్న భాస్వరాన్ని ఊడబెరికే ఆమ్లాలు వదులుతాయి, ముసలి ఆకుల్లో ఉన్నది లేత ఆకులకు చేరుతుంది. గ్యాస్ అయిపోతే మా అమ్మ కూడా అంతే. ముందు అటక మీది కట్టెలు దింపుతుంది, తర్వాత పక్కింటి తలుపు కొడుతుంది, చివరికి నన్ను తిడుతుంది. గ్యాస్ ఉన్నరోజు ఇవేవీ చెయ్యదు, ఆ తిట్టడం తప్ప.

మీ పరీక్షలో ఏం తేలింది? ఆకలి వరుసలో ఆకలి జన్యువులు నిద్ర లేవనే లేదు. నిండు వరుసతో సమానంగా హాయిగా పడుకున్నాయి. అంటే వాటికి ఎక్కడి నుంచో భాస్వరం అందుతోంది. ఇంతవరకు మీరు కరెక్టే. అక్కడి నుంచి మీ బుర్ర తార్నాక సిగ్నల్ దగ్గర ఆగిపోయింది.

అందుకే విచారణ నేనే చేశాను. మొదట వాచ్‌మన్ వీరస్వామి తాత. టిఫిన్ డబ్బా కడిగిన నీళ్లు కుండీల్లో పోస్తున్నాడేమోనని మూడు రోజులు వెనకాలే తిరిగాను. నాలుగో రోజు తాత ఆగి, "ఏంది బిడ్డా, నా డబ్బా దిక్కు గట్ల చూస్తున్నవ్? ఆకలైతుందా? ఇగో తిను" అని సగం జొన్నరొట్టె చేతిలో పెట్టాడు. జాలి ఉన్నది ఆయనకు. డబ్బా నీళ్లు గేటు బయట పోస్తాడు. తర్వాత మిమ్మల్ని అనుమానించాను. సీసాల మీద చీటీలు తారుమారు చేశారేమోనని ఒక్కో సీసా తిప్పి చూశాను. చెయ్యలేదు. ఒప్పుకోవడానికి కష్టంగానే ఉంది.

ఇక మిగిలింది నేను. నా అంత శుభ్రంగా పనిచేసేవాళ్లు ఈ క్యాంపస్‌లో లేరు. మొదటిరోజు మీరే అన్నారు, "ఆకలి వరుస క్యాను వేరే పెట్టు, మంచిగ కడుగు, వేరేదేం అంటొద్దు" అని. కడిగాను. నిండు వరుస క్యానును ఉత్త నీళ్లతో కడిగితే, ఆకలి వరుస క్యానును రోజూ రెండుసార్లు సబ్బుపొడి వేసి రుద్దాను. ఒక్కసారి నీళ్లు తిప్పి పారబోస్తే తళతళా మెరిసేది. డిపార్ట్‌మెంట్ ఇచ్చే పొడితో మట్టి కూడా వదలదు. నేను వాడింది మా అమ్మ అమృతమ్మ ఇంట్లో కలిపి అమ్మే నిమ్మ పొడి. మా ఇంట్లో ఉతికి ఇచ్చే మీ తెల్లకోటు అంత తెల్లగా ఉండేదీ దానివల్లే. మరునాటిదాకా క్యానులో నిమ్మ వాసన పోదు. మీరే ఒకరోజు మూత తీసి వాసన చూసి, "అబ్బ, ఏం క్లీన్ ఉన్నది!" అన్నారు. అలా అన్న మీరే నా మీద రాశారు.

కాబట్టి సోమవారంలోగా ఆ కాగితం వెనక్కి తీసుకోండి. లేకపోతే మేడమ్‌ను గుడ్లగూబలా గీసి, నాలుగు ముక్కలు చేసి మీరు బుట్టలో వేసిన బొమ్మ నా దగ్గర భద్రంగా ఉంది. అతికించి పెట్టాను. చాలా బాగా గీశారు.

ఇట్లు,
ఎవరి మీదా జాలి లేని
ప్రవళిక.

తా.క.: ఉత్తరం కవర్లో పెట్టి, గమ్ కోసం అమ్మ దగ్గరికి వెళ్లాను. బకెట్‌లో పొడి కలుపుతోంది. ఇందులో ఏమేం వేస్తావని ఊరికే అడిగాను. "సోడా, ఉప్పు, నిమ్మ సెంటు. ఇగ మట్టి వదలాలంటే కాచిగూడకెళ్లి తెచ్చిన గా తెల్లపొడి. గదే అసలు మందు" అంది. సంచి తిప్పి చదివాను. ట్రైసోడియం ఫాస్ఫేట్. ఫాస్ఫేట్ అంటే భాస్వరం. ఎనిమిది వారాలు, రోజుకు రెండుసార్లు.

ఉత్తరం చించేద్దామనుకున్నాను. కానీ చించిన కాగితాలను అతికించి చదివేవాళ్లు ఉంటారని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే వీరస్వామి తాత చేత ఇప్పుడే పంపుతున్నాను.

పెట్టింది నేనే. అయితే జాలితో కాదు, శుభ్రతతో. మీ కాగితంలో ఆ ఒక్క మాట దిద్దండి. సోమవారం మేడమ్ దగ్గరికి ఇద్దరం పోదాం. క్యాను కడిగింది నేనని నేను చెప్తాను, వాసన చూసి మెచ్చుకున్నది మీరని మీరు చెప్పండి. బొమ్మ ఆ తర్వాత ఇస్తాను.

రేపు పొద్దున ఆరింటికల్లా గ్రీన్‌హౌస్‌లో ఉంటాను. కొత్త క్యాను, ఉత్త డిస్టిల్డ్ నీళ్లు. ఇరవై నాలుగు కుండీలు మళ్లీ నాటాలి, మీరూ రండి. కోటు మాత్రం హాస్టల్లో వదిలి రండి.