నాలుగో పంపు చప్పుడు

రాయగడ,
ఆదివారం.

చిరంజీవి శ్రీదుర్గకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. భువనేశ్వర్‌లో నువ్వు కూడా క్షేమమని తలుస్తాను. అందరం క్షేమమని రాయబోయి ఆగాను. ఎందుకో కింద రాస్తాను.

ఫోన్‌లో అయితే "బాగున్నాం" అని దాటేస్తున్నానని ఉత్తరం రాయమన్నావు. రాస్తున్నాను గానీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఇప్పటికి మూడుసార్లు లేచి వరండాలో తిరిగి వచ్చాను. "ఏటయినాదయ్యా నీకు, కూకో" అని మీ అమ్మ కసిరింది. రామనగుడ కందులు విసిరి పప్పు చేసింది, పక్కింటి సాయిరాం అటు వస్తూ తెచ్చిస్తాడు.

నా మోకాలి నొప్పి అడిగావు, తగ్గింది. గణపతిరావు మామ కొత్త పనిలో ఎలా ఉన్నాడన్నావు. గేటు దగ్గర రిజిస్టరు రాస్తున్నాడు. "మీ అనుభవం మిషన్‌కి నేర్పండి, ఎవరి ఉద్యోగమూ పోదు, మాకు మనిషే ముఖ్యం" అని కంపెనీ హెచ్‌ఆర్ తరఫున నువ్వు మా ఫ్యాక్టరీకి వచ్చి స్టేజీ మీద చెబుతుంటే నాకెంత గర్వమేసిందో. నువ్వన్నట్టే ఆయన ఉద్యోగం పోలేదు, జీతమూ తగ్గలేదు. బాయిలరు గురించి తెలిసిందంతా ఆ మిషన్‌కి నేర్పాడు, నెల తిరక్కుండా గేటుకు మార్చారు. రోజుకు పదిసార్లు ఇంజనీర్లు పిలిచి అడిగిన మనిషిని ఇప్పుడు ఎవరూ ఏమీ అడగరు. మొన్న టీ తాగుతూ, "నాను బతికే ఉన్నానేటి తిరుమలా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

పంపుల చప్పుళ్ళన్నీ రికార్డు చేయించావా అని కూడా రాశావు. అన్నీ అయిపోయాయని నీకు ఫోన్‌లో చెప్పాను. అది అబద్ధం అమ్మీ.

స్క్రూడ్రైవర్ మొన పంపుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని నేను వినడం నీకు తెలుసు. చిన్నప్పుడు నువ్వు మన మిక్సీకి అలాగే పెట్టి విని అమ్మ చేత తిట్లు తిన్నావు. అలా విని నేను ఒక్కో చప్పుడూ ఏ జబ్బుదో చెబుతుంటే ఇంజనీర్లు మైకు పెట్టి ఆ మిషన్‌లోకి ఎక్కించుకున్నారు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. లోపలి నీళ్ళు బయటికి చిమ్మకుండా ఆపే సీలు పోయే ముందు పంపు అరవదు. పాలు పొంగే ముందు గిన్నె సద్దుమణిగినట్టు కాసేపు మెత్తబడుతుంది. అదొక్కటి నా దగ్గరే ఉంటే నన్ను గేటుకు పంపరనుకున్నాను.

గురువారం నాకు సెలవు. ఆ రోజే నాలుగో పంపు సీలు పగిలి, ఒళ్ళు కాల్చే వేడి కాస్టిక్ సోడా నీళ్ళు తవిటమ్మ కాళ్ళ మీద పడ్డాయి. పంపుల దగ్గర నేల కడుగుతుంది, నీకు సీతాఫలాలు తెచ్చిపెట్టేది, గుర్తుందా? మిషన్ స్క్రీన్ మీద ఆఖరిదాకా పచ్చ లైటే ఉందట. ప్రాణానికి భయం లేదు గానీ నడవడానికి మూడు నెలలు పడుతుందన్నారు. ఆస్పత్రికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, "నువ్వు డూటీలో ఉంటే ముందే సెప్పీవోడివి బాబూ. నా కర్మ" అంది. కర్మ కాదు, నేనే. ఆ మాట అక్కడ అనలేక వచ్చేశాను. అప్పటినుంచి సిగ్గుతో అన్నం సయించడం లేదు.

రేపు పొద్దున్న షిఫ్టు మొదలవక ముందే మేనేజరుకు అంతా చెప్పేసి, ఆ చప్పుడు కూడా మైకులోకి ఎక్కిస్తాను. తర్వాత తవిటమ్మకు చెప్పాలి. మేనేజరు కన్నా ఆమెకు చెప్పడమే నాకు భయంగా ఉంది.

నా మీద చర్య తీసుకునే కాగితం సంతకానికి నీ దగ్గరకే వస్తుంది. నాన్నని కదా అని ఇంకొకరి చేత పెట్టించకు, నువ్వే పెట్టు. గేటుకు వెయ్యి, ఇంటికి పొమ్మను, నేనేమీ అనను. పెట్టే ముందు మాత్రం ఒక్కరోజు ఇక్కడికి వచ్చి, గేటు దగ్గర గణపతిరావు మామ పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. ఈమధ్య ఆయన మాట మెత్తబడింది. నువ్వే విను.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పిన మీ నాన్న,
తిరుమలరావు