దారం తాకినా తెలియని పాదాలు

మంగళవారం, ఆయన నిద్రపోయాక

షుగర్ వల్ల కాళ్ల నరాలు ఎంత దెబ్బతిన్నాయో చూడాలని ఈరోజు దవాఖానలో మా ఆయనను పడుకోబెట్టారు. కళ్లు మూసుకుని, తాకినప్పుడల్లా "ఆ" అనమంది డాక్టరమ్మ. సన్నటి ప్లాస్టిక్ దారంతో అరికాలి మీద నొక్కింది. ఆయన పలకలేదు. బొటనవేలి కింద నొక్కింది. పలకలేదు. ఆమె దారం పక్కన పెట్టి ఏదో రాసుకుంటుంటే అప్పుడు "ఆ" అన్నాడు. నేను తల దించుకున్నాను.

"గింత దారంతోని ఏం తెలుస్తది మేడం? బొగ్గు బాయిల పనిచేసే కాళ్లివి" అని నవ్వాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "నరాలు బాగ దెబ్బతిన్నయమ్మా. చీలమండల దాక స్పర్శ లేదు. ఇది ఇయ్యాలటిది కాదు, శాన నెలల సంది ఉన్నది. పుండు పడ్డా ఆయనకు తెల్వదు. రోజూ నువ్వే చూడాలె" అని నాతో అంది.

శాన నెలలు. ఆయన డ్యూటీ నుంచి వచ్చాక రోజూ పాదాలు పిసుకుతాను. "నీ చేతులల్ల ఏమున్నదో స్వప్నా, పానం నిమ్మళమైంది" అంటాడు. మాటల్లో చెప్పడం నాకు రాదు. మనసులో ఉన్నదంతా ఆ చేతులతోనే చెప్తున్నాననుకున్నాను. అదేదీ ఆయనకు చేరలేదా...

ఈరోజు కూడా కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపు పిసికి, ఆపేశాను. చాలాసేపటికి "ఇగ చాలు స్వప్నా, చేతులు నొస్తయి" అన్నాడు.

నా చేతులు ఎప్పటి నుంచో నా ఒళ్లోనే ఉన్నాయి. సరే అన్నాను.