పండ్లు కొనని పండ్ల ఫ్యాక్టరీ

బెంగళూరు

రంగన్నకు, చెల్లెలు మంజుల నమస్కారాలతో రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మగ్గం పని సాగుతోందా? ఇక్కడ ఒకటే తుంపర, చలి. సాంబారులో బెల్లం వేస్తారు, నోరంతా చప్పబడిపోయింది. ఫోనుండగా ఉత్తరమేమిటంటావేమో! ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు నవ్వుతావు, సంగతి అక్కడే ఆగిపోతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

నేను పండ్ల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నానని ఎమ్మిగనూరంతా చెప్పడం నాయన ఎప్పుడు మానతాడన్నా? మాది ఎసెన్సుల ఫ్యాక్టరీ. ఐస్‌క్రీముల్లో, బిస్కెట్లలో వేసే వాసనలు చేస్తాం. గేటు దాటి ఒక్క పండూ లోపలికి రాదు. ఎన్నిసార్లు చెప్పాను!

పోయిన వారం నాకోసం ఎవరో వచ్చారని గేటు నుంచి కబురొచ్చింది. వెళ్లి చూస్తే నాయన స్నేహితుడు, మాధవరం వీరేశప్ప మామ. తుంపరలో తడుస్తూ, గోనెపట్టలో చుట్టిన రెండు అరటిగెలలు పక్కన పెట్టుకుని నిలబడ్డాడు.

"మీ నాయన సెప్పినాడమ్మా, మీ ఫ్యాక్టరీకి అరటిపండ్లు కావాలంట గదా. తోటంతా కోతకొచ్చింది. ఆదోని యాపారి అడిగితే ఇయ్యలేదు, మన పిల్లుండేచోటికే ఇస్తామని."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"మామా, ఈడ పండ్లు కొనరు."

"పండు లేకుండా పండు వాసన యాడనుంచి వస్తాది?"

"వెనిగర్‌లో పులుపుంటాది సూడు, ఆ ఆమ్లానికి ఒక ఆల్కహాల్ కలిపి, రవంత సల్ఫ్యూరిక్ యాసిడ్ ఏసి కాగబెడతాం."

"ఆల్కహాలంటే?"

"సారాయి జాతిదే, తాగేది కాదు."

"సారాయా! మీ నాయన ఈ మాట సెప్పలేదే!" గేటు కాపలాదారు కూడా తిరిగి చూశాడు.

కాగేటప్పుడు ఆమ్లం నుంచి కొంత, ఆల్కహాల్ నుంచి కొంత విడిపోయి నీళ్లవుతాయని, మిగిలినవి ఒకదానికొకటి అతుక్కుని ఎస్టర్ అవుతాయని, అరటి వాసన ఆ ఎస్టర్‌దేనని చెప్పాను. నీళ్లను ఎప్పటికప్పుడు తీసేయకపోతే ఎస్టర్ విడిపోయి మళ్లీ మొదటికొస్తుందనీ చెప్పాను. చెబుతుండగానే గుర్తొచ్చింది. మేం కాచే పెద్ద పాత్ర, అదే రియాక్టర్, దాని పైన గొట్టంలో చేరే నీళ్లు తీయాల్సినది నేనే! పరుగెత్తుకెళ్లేసరికి నీళ్లు నిండి తిరిగి లోపలికి పొర్లుతున్నాయి. రియాక్టరంతా వెనిగర్ కంపు. సూపర్‌వైజర్ అందరిముందూ తిట్టాడు. సాయంత్రందాకా మళ్లీ కాచాను.

డ్యూటీ దిగి వచ్చేసరికి మామ గేటు బయటే కూర్చుని ఉన్నాడు. శాంపిల్ సీసా మూత తీసి వాసన చూపించాను. కళ్లు మూసుకుని పీల్చాడు.

"అచ్చం పండే," అన్నాడు. మళ్లీ ఒకసారి పీల్చి, "అయితే మేం పండించేది తినేటోళ్లకే అన్నమాట. అదీ మంచిదేలే."

ఫ్యాక్టరీలో మా వాళ్లెవరైనా కొంటారేమోనని చూశాను. రోజంతా ఆ వాసనలోనే మగ్గేవాళ్లు, అరటిపండంటేనే మొహం తిప్పుకున్నారు. గెలలు మళ్లీ మోసుకుపోనని నా గదిలోనే పెట్టాడు. బస్సెక్కబోతూ, "మీ నాయన్ను ఏమనొద్దమ్మా. బిడ్డ కొలువు సేస్తాందని సంబరం, అంతే," అన్నాడు. నా కోపమంతా నీళ్లయిపోయింది. ఆ నీళ్లు కళ్లలోకొచ్చాయి.

మామ నిన్న ఫోన్ చేశాడు. తోట ఆదోని వ్యాపారికే ఇచ్చేశాడట, మునుపు అడిగిన ధరకు కాదు, అంతకు తక్కువకే. నువ్వొకసారి మాధవరం వెళ్లి మామను పలకరించి రా. మన మగ్గం మీద నేసిన పంచె ఒకటి తీసుకుపో. నాకు శెనక్కాయల పొడి పంపు.

అమ్మకూ నాయనకూ నా దండాలు. వాళ్ల దీవెనలుంటే ఇక్కడ నాకేం కాదు. వదినను, పిల్లలను అడిగానని చెప్పు.

ఉత్తరం మడవబోతుంటే వదిన ఫోన్ చేసింది. మల్లెపూల వాసన కూడా చేస్తామని నేను ఎప్పుడో అన్నానట. నాయన పొద్దున నందవరం బస్సెక్కాడట, మల్లెతోట ఉన్నాయనతో మాట్లాడి వస్తానని. అన్నా, నీకు పుణ్యముంటుంది, వెంటనే వెళ్లి నాయన్ను పట్టుకో!

నీ చెల్లెలు
మంజుల