మూడోసారి లోపలికి పట్టిన కుట్టు

అక్కకి,

యావన్మందికీ తెలియజేయడమేమనగా, నీ తమ్ముడి మీసంలో నాలుగో తెల్లవెంట్రుక ఈ ఉదయం పదవీ స్వీకారం చేసింది. ఇక అసలు సంగతి. నా దగ్గరుండి చదువుకుంటున్న నీ కూతురి యూనిఫాం నడుము రెండు నెలల్లో మూడుసార్లు లోపలికి పట్టి కుట్టాను. "నీకంటే నా మిషను దారమే లావుగా ఉందే" అని ఎగతాళి చేస్తే పిల్ల మురిసిపోయింది. ఆ మురిపెం చూసి నాకు భయమేసింది. ఎండలోనూ స్వెట్టరు విప్పదు. కంచంలో మెతుకులు అటూ ఇటూ జరిపి, "స్నేహితురాలింట్లో తిన్నాను మామయ్యా" అంటుంది. నిన్న ఆ స్నేహితురాలు నా టైలరింగ్ కొట్టుకి వస్తే అడిగాను. "మా ఇంట్లోనా? మీ ఇంట్లో తిన్నానని నాతో చెప్పిందే!" అంది.

డాక్టరమ్మను అడిగాను. ఇది మారాం కాదట, జబ్బట. మొదట్లోనే పట్టుకుంటే నయమవుతుందట. బుధవారం తీసుకురమ్మంది. అమ్మ కావాలని పిల్ల ఒకటే కలవరిస్తోంది, వచ్చెయ్. వచ్చాక తిట్టకు, "ఎంత చిక్కిపోయావే" అనకు. పక్కన కూర్చుని నువ్వు తిను, చాలు. బావ మోకాలు ఎలా ఉంది? నా గొడుగు ఎప్పుడు తిరిగిస్తారట? ఆయనకి నమస్కారాలు.

నీ తమ్ముడు

పిల్ల నిన్ను కలవరిస్తోందన్నది నేనల్లిన అబద్ధం. అది ఎవర్నీ ఏదీ అడగడం మానేసింది. అందుకే రా.